కొబ్బరి పాదుల్లో కల్లుప్పు

కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి గిన్నెలో పెట్టి, కాసేపు కూర్చుందామని స్టూలు లాక్కున్నాను. ఈమధ్య నాకు దేనికీ ఓపిక ఉండటం లేదు. ఆఫీసు నుంచి ఇంటిదాకా బస్సులో నిలబడి వచ్చిన కాళ్లు, కూర్చున్నాక కూడా ఇంకా నిలబడే ఉన్నామనుకుంటాయి. పక్కగదిలో మావాడు ఫోనులో సైన్సు పాఠం వింటున్నాడు.

"అమ్మా, ఆస్మోసిస్ అంటే ఏంటి? ఒక్క ముక్కలో చెప్పు" అని అక్కడి నుంచే కేకేశాడు.

"ఇటు వచ్చి ఈ గిన్నె చూడు. నేను చుక్క నీళ్లు పొయ్యలేదు, అడుగున ఎంత నీరుందో" అన్నాను.

"వద్దులే, ఇందులో బొమ్మ ఉంది" అన్నాడు. నేనూ బతిమాలలేదు. వాడికి చెప్పాలంటే కాకరకాయతో అయ్యేది కాదు. మా ఊరి మిరప నారుమడి దాకా వెళ్లాలి, అంత దూరం వాడు రాడు.

మా ఊరు సత్తుపల్లి దాటి, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది. మా వాళ్లు అక్కడి వాళ్లు కాదు. నాన్న చిన్నతనంలోనే గోదావరి కిందినుంచి, సముద్రపు గాలి తగిలే ఊరి నుంచి, వచ్చి భూమి కొనుక్కున్నారు. అందుకని ఇంట్లో కిందివైపు మాట, గడప దాటితే ఇక్కడి మాట. బళ్లో 'ఏంది' అని, ఇంట్లో 'ఏంటి' అని పెరిగాను. తడబడి ఒకచోటి మాట ఇంకోచోట అన్నానా, రెండుచోట్లా నవ్వేవాళ్లు.

ఆ ఊరి వాసనలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. వర్షాకాలం వస్తే ఇంట్లో మూల దాచిన మిరప బస్తాలు తేమకు మెత్తబడి ఘాటు వదిలేవి, పొద్దున లేవగానే ఇంటిల్లిపాదీ తుమ్ములు. గాలి అడవి వైపు నుంచి వీస్తే అక్కడి కోయగూడెంలో ఇప్పనూనె కాగే వాసన వచ్చేది. అమ్మకు అది పడేది కాదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. నాకు మాత్రం ఆ వాసనకు ఆకలి వేసేది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఇక మా నాయనమ్మ. ఆవిడకు ఈ ఊళ్లో అన్నీ నచ్చాయి, ఒక్క కొబ్బరిచెట్టు లేకపోవడం తప్ప. "కొబ్బరాకు కదలని ఇల్లు ఇల్లేనటే?" అనేది. పుట్టింటి వైపు ఎవరి పెళ్లికో వెళ్లి, వస్తూ వస్తూ బస్సు టాపు మీద నాలుగు కొబ్బరిమొక్కలు వేయించుకుని వచ్చింది. బావి దగ్గర గట్టు మీద నాటించింది. అవి చావలేదు, బతకలేదు. ఏళ్లు గడిచినా మోకాలెత్తు దాటకుండా అలిగి కూర్చున్నాయి.

"వీటికి ఉప్పు అందటంలేదు" అని తేల్చింది నాయనమ్మ. "మన ఊళ్లో తొలకరికి ప్రతి చెట్టు మొదట్లో ఉప్పు వేసేవాళ్లం. వెయ్యని వాణ్ని వెర్రివాడనేవాళ్లు."

"మన ఊళ్లో ఇసుక నేల అత్తయ్యా, ఇది నల్లరేగడి" అంది అమ్మ.

"నేలేదైతే ఏంటే, చెట్టు అదే కదా!"

వాళ్ల ఊళ్లో అది నిజమే. వేసిన ఉప్పు ఇసుకలోంచి వానకు దిగిపోతుంది, చెట్టు తనక్కావలసింది తీసుకుంటుంది. ఆవిడ పుట్టి పెరిగిన లెక్కలో ఏ తప్పూ లేదు. సంతలో కల్లుప్పు బస్తా కొనిపించి, నాన్న పని మీద తల్లాడ వెళ్లిన రోజు చూసి, నన్ను వెంటేసుకుని గట్టెక్కింది. దోసిళ్లతో మొదలుపెట్టింది. తర్వాత విసుగేసి బస్తానే పాదుల్లోకి వంచేసింది. నేను ఓ పలుకు బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ నిలబడ్డాను. "తినకే, కడుపులో పురుగులు చస్తాయి" అంది. చస్తే మంచిదే కదా అన్నాను. నెత్తిన ఒకటి పడింది.

ఆ గట్టు కిందే మిరప నారుమడి. మోటారు వేస్తే నీళ్లు ముందు కొబ్బరి పాదుల్లోకి వచ్చి, అవి నిండాక పొర్లి కింది గుంటలో పడేవి. ఆ గుంటలోంచి బిందెతో ముంచుకుని నారు మీద చల్లేవాళ్లు. చల్లే పని గూడెం అక్కది. కోయగూడెం నుంచి వచ్చేది. అమ్మ కంటే చిన్నది, నాకంటే చాలా పెద్దది, అందుకని అక్క అనేదాన్ని. అరచేయి అడ్డం పెట్టి నీళ్లు జల్లుగా పడేలా చల్లేది. ధార పడితే విత్తనం పైకి తేలిపోతుందట. నన్ను చల్లనిచ్చేది కాదు. "నువ్వు గుమ్మరిస్తవ్ బిడ్డా, గట్టు మీద కూసోని ముచ్చట్లు చెప్పు" అనేది. చెప్పేదాన్ని. బళ్లో ఆ వారమే చూసిన వింత గురించి చెప్పిందీ ఆమెకే.

ఆ వింత సూక్ష్మదర్శిని. మా బడికి ఒక్కటే ఉండేది. చెక్కపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను హెడ్మాస్టరు గారి బీరువాలో పెట్టి, బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకు కట్టుకునేవారు. సైన్సు సారు ఎలా బతిమాలారో, తొమ్మిదో తరగతి వాళ్లకు ఓ పూట దర్శనమిచ్చింది. కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, కింద చిన్న అద్దంతో ఎండను పట్టి పైకి పంపారు. ఆఫీసు ముందు కుండీల్లో, అడుగున ఊదారంగుండే ఆకుల మొక్క ఒకటుండేది. ఆ ఆకు అడుగుపొర బ్లేడుతో ఒలిచి, గాజుపలక మీద నీటిచుక్కలో పరిచారు.

వరసలో నిలబడి ఒక్కొక్కరం కన్ను పెట్టాం. ఒకడు మూయాల్సిన కన్ను తెరిచి, తెరవాల్సిన కన్ను మూసి "చీకటి సార్" అన్నాడు. ఇంకొకడు తన కనురెప్ప వెంట్రుకనే చూసి బొమ్మ గీసి మార్కులడిగాడు. నా వంతు వచ్చింది. తేనెపట్టు గదులు, గది నిండా నేరేడు పండు రంగు. అంత చక్కని రంగు మా ఇంట్లో పట్టుచీరకు కూడా లేదు. చూసేసి వెళ్లినట్టే వెళ్లి మళ్లీ వరస చివర నిలబడ్డాను. 

రెండోసారికి సారు పలక అంచున ఉప్పునీటి చుక్క వేశారు. చూస్తుండగానే రంగు మూలల నుంచి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. గోడలు గోడల్లాగే ఉన్నాయి, లోపలిది మాత్రం ముడుచుకుపోయి మధ్యలో చిన్న ముద్దయింది.

"బయట ఉప్పునీళ్లు చిక్కగున్నయ్. లోపటి నీళ్లను గుంజుకుంటున్నయ్, గంతే" అన్నారు సారు. "దీన్నే ద్రవాభిసరణ అంటరు. పరీక్షల వస్తది."

"చచ్చిపోయిందా సార్?"

"ఇంకా సావలే. జల్దీ మంచినీళ్లిస్తే మల్ల నిండుతది."

మంచినీళ్లిచ్చారు. మెల్లగా, చాలా మెల్లగా, రంగు మళ్లీ మూలల దాకా వచ్చింది. నా వెనక వాళ్లు జడ పట్టుకు లాగుతున్నా నేను కన్ను తియ్యలేదు.

ఇదంతా చెబితే గూడెం అక్క చల్లడం ఆపి విన్నది. "ఆకుల గూడ అర్రలుంటయా?" అని ఆశ్చర్యపోయి, "నాకూ సూపిస్తరా మీ సారు?" అంది. చూపిస్తారని మాటిచ్చేశాను. హెడ్మాస్టరు మొలతాడు సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. శ్రావణంలో వైశాఖపు ఎండ. నారు మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచేది. తర్వాత సాయంత్రం కూడా లేవడం మానేసింది. ఎండిపోతోందని అక్క ఇంకా నాలుగు బిందెలు ఎక్కువ చల్లింది. చల్లినకొద్దీ వాడింది. ఆకుల అంచులు కాలినట్టు ముడుచుకున్నాయి. ఆ ఏడాది మిరపతోట అంతా ఆ నారు మీదే ఉంది. అది పోతే మళ్లీ విత్తనం పోసి పెంచేసరికి అదను దాటిపోతుంది. నాన్న అన్నం సరిగా తినడం మానేశాడు.

పురుగుమందుల షాపాయనను పిలిపించాడు. ఆయన ఓ మొక్క పీకి, వాసన చూసి, "గడ్డిమందు తగిలినట్టుందండీ" అన్నాడు. పక్క పొలాల వాళ్లు కూడా గట్టు మీద చేరారు. నాన్న బిందె దగ్గర నిలబడ్డ అక్క వైపు తిరిగాడు.

"గడ్డిమందు కలిపిన బిందె కొట్టంలో ఉంది. దాంతోనే పోశావు కదూ?"

"లేదయ్యా. నా బిందె నేను ఇంటికాడికెల్లి తెచ్చుకుంట. మీ బిందె నేను ముట్టలే."

"మరి మందు ఆకాశం నుంచి పడిందా? బిందె కడగాలన్న ఇంగితం లేదు మీకు. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

"ముట్టలేదంటున్న గదయ్యా."

"ఇంక నోరు మూసుకుని వెళ్లు. రేపట్నుంచి రాకు." చుట్టూ ఉన్నవాళ్లతో కూడా అన్నాడు, "ఈవిడ చేతికి బిందె ఇచ్చేరు, మీ మళ్లూ మాడతాయి."

అక్క బిందె తీసుకుని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను. నారుమళ్లు, నాట్లు, కోతలు, అన్నీ మిరప పనులే ఆ గూడెం ఆడవాళ్లకు. 'మందు బిందె ఆమె' అని ఒకసారి పేరు పడితే ఆ దారిలో ఇంకెవరూ పనికి పిలవరు. ఆ సంగతి నాన్నకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున బడికి వెళ్తూ మడి దగ్గర ఆగాను. తడి ఆరిన బెడ్డల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఏదో అనుమానం వచ్చింది, ఏమిటో స్పష్టంగా తెలియదు. ఆ మట్టి కొంచెం ఒక కాగితంలో, దూరంగా పెరట్లోది కొంచెం ఇంకో కాగితంలో పొట్లం కట్టుకుని సారు దగ్గరికి పోయాను. చెబితే ఆయన నవ్వలేదు. రెండు పొట్లాల మట్టినీ వేరువేరుగా కాసిని నీళ్లలో కలిపి, జేబురుమాలుతో వడకట్టారు. హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి మళ్లీ బతిమాలి పెట్టె తెచ్చారు. ఊదా ఆకు పొరలు రెండు ఒలిచి, ఒకదాని మీద పెరటి మట్టినీరు, ఒకదాని మీద మడి మట్టినీరు వేశారు.

పెరటి నీటిలో గదులు నిండుగానే ఉన్నాయి. మడి నీటిలో రంగు వెనక్కి జరిగింది. ఎంతోసేపు పట్టలేదు.

"గడ్డిమందు కాదమ్మా, ఉప్పు" అన్నారు సారు తలెత్తి. "నారుమడిలకు ఉప్పు యాడికెల్లి వచ్చింది?"

 నాలుక మీద ఆ రోజు చప్పరించిన పలుకు రుచి తగిలింది. "మీ నాయనకు నేను చెప్పాల్నా?" అని అడిగారు. వద్దు సార్ అన్నాను.

ఆ సాయంత్రం ఇంటిదారి అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. నాకు ఇద్దరూ కావాలి. చెప్పకపోతే అక్క పని పోతుంది, పరువు పోతుంది. చెబితే నాయనమ్మ మీద పడుతుంది. రోజూ ఆవిడ పక్కలోనే పడుకునేదాన్ని. ఆవిడ చెయ్యి మీద వేస్తేనే నాకు నిద్ర పట్టేది. పుస్తకాల సంచి భుజం కోస్తుంటే, ముందు ఆవిడకే చెప్పాలనుకున్నాను.

నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఊదా గదులు, ఉప్పునీరు, పాదులు, గుంట, అన్నీ కలగాపులగంగా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, గట్టు వైపు నడిచింది. గుంటలోంచి చేత్తో నీళ్లు తీసి నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

నాన్న షాపాయనతో మాట్లాడుతూ అక్కడే ఉన్నాడు. "ఒరేయ్, ఇటు రా. ఈ నీళ్లు నోట్లో పోసుకో" అంది.

"ఇప్పుడేంటమ్మా..."

"పోసుకోరా!"

పోసుకున్నాడు. ముఖం చిట్లించాడు. "ఉప్పు! ఎవరు కలిపారు?"

"నేనేరా. కొబ్బరిపాదుల్లో బస్తా వంచాను. ఇలా అవుతుందనుకోలేదు."

నాన్న గుంట వైపు చూశాడు, పైన కొబ్బరి పాదుల వైపు చూశాడు. అరుస్తాడని నేను కళ్లు మూసుకున్నాను.

"సర్లే, పోనీలే అమ్మా. తెలియక చేశావు" అన్నాడు మెత్తగా.

నిన్న అక్క మీద లేచిన గొంతూ ఇదే. నా చిన్న బుర్రకు కూడా ఆ తేడా తెలిసింది. నాయనమ్మకు ఇంకా బాగా తెలిసింది. ఆవిడ ముఖం తిట్టు తిన్నదాని కంటే ఎక్కువ వాడిపోయింది.

నాన్న వెంటనే పాదుల దారి మూసేసి, మోటారు నీళ్లు నేరుగా మడిలోకి మళ్లించి, మళ్లీ మళ్లీ కడిగించాడు. గుంటకు దగ్గరున్న నారు లేవలేదు. దూరంగా ఉన్న నారు మెల్లగా తలెత్తింది. తోట సగానికి సరిపోతుందన్నారు. అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టబోయి, నాయనమ్మను చూసి, అరటిపళ్లు పెట్టి ఊరుకుంది.

అక్క పేరు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాన్న వెళ్లి ఒక మాట చెప్పి వస్తాడేమోనని నాయనమ్మ చూసింది. చూసి చూసి, నన్ను తీసుకుని తనే బయల్దేరింది. గూడెంలో అక్క ఇంటి ముందు ఇప్పపలుకులు ఎండబోస్తోంది. మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది.

"నీ తప్పేం లేదమ్మా. ఆ ఉప్పు పోసింది నేను" అంది నాయనమ్మ. మంచం మీద కూర్చోకుండా నిలబడే చెప్పింది.

అక్క చేతులు దులుపుకుంది. "నువ్వు పోసినవని నువ్వు చెప్పినవ్ పెద్దమ్మా. నీ మనసు మంచిది. నేను మందు పొయ్యలేదని ఎవరు చెప్తరు? నలుగుట్ల అన్నడు గద మీ కొడుకు. నలుగుట్లనే చెప్పాలె."

"చెప్పిస్తాను."

"చెప్పిన్నాడు వస్త పనికి. అప్పటిదాంక రాను."

ఇంటికొచ్చి నాయనమ్మ ఆ మాట అలాగే చెప్పింది. నాన్న నవ్వేశాడు. "రమ్మన్నానని కబురు పెట్టు. రమ్మనడమంటే తప్పు లేదన్నట్టే కదా!" అన్నాడు. కబురు వెళ్లింది, అక్క రాలేదు. నాట్లకు వేరే ఊరి ఆడవాళ్లను ట్రాక్టరు మీద తెచ్చుకున్నాం.

అప్పుడు మా నాయనమ్మ ఒక పని మొదలుపెట్టింది. సంతలో, పిండిమర దగ్గర, సత్తుపల్లి బస్సులో, ఎవరు దొరికితే వాళ్లకు తన ఉప్పు కథ చెప్పేది. "మా నారు మాడింది నా వల్లండీ, ఆ గూడెం పిల్ల వల్ల కాదు" అని ముగించేది. ముందు విన్నారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత ఆవిడ వస్తుంటేనే "ఉప్పు మామ్మ వచ్చింది" అనేవాళ్లు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. నాన్నకు ఇంకా తలవంపులు.

"ఇంక చాలించమ్మా, ఊరంతా నవ్వుతున్నారు" అన్నాడు ఒకరోజు.

"నువ్వు చెప్పిన రోజు నేను మానేస్తాను" అంది.

ఆవిడ వల్లే కావచ్చు, మరుసటి ఏటికి అక్కను పక్క పొలాల వాళ్లు పనికి పిలిచారు. మా గట్టు మీదుగానే వెళ్లేది. నాయనమ్మ కనపడితే ఆగి ముచ్చట్లు పెట్టేది, ఆవిడ ఇచ్చిన ఆవకాయ తీసుకునేది. నాన్న కనపడితే నడక మార్చకుండా దాటిపోయేది. నాన్న మోటారులో ఏదో చూస్తున్నట్టు వంగేవాడు. అదేం మోటారో, చెడకుండానే ఎంత రిపేరు జరిగిందో దానికి.

నేను ఇంటరులో ఉండగా నాయనమ్మ పోయింది. పెద్దకర్మ నాడు అక్క వచ్చింది. ఆఖరి బంతిలో కూర్చుంది. చుట్టాలు, పక్క పొలాల వాళ్లు భోంచేసి, వక్కపలుకులు నములుతూ పందిట్లోనే ఉన్నారు. నాన్న పులిహోర బేసిను పట్టుకుని బంతి వెంట వస్తున్నాడు. అక్క విస్తరి దగ్గర ఆగాడు. గుండు మీద చెమట. వంగి వడ్డిస్తూ, చాలా చిన్న గొంతుతో, "అప్పుడు నీ తప్పేం లేదు" అన్నాడు. వెనకే నీళ్ల జగ్గుతో ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

అక్క తలెత్తింది. "జెర గట్టిగ చెప్పయ్యా. ఆళ్లకు గూడ ఇనపడాలె" అంది. కోపంగా కాదు, బతిమాలినట్టు కూడా కాదు.

నాన్న నడుము నిటారు చేశాడు. పందిట్లో ఉన్నవాళ్ల వైపు చూశాడు. నోరు తెరిచాడు. నేను జగ్గు వంచడం ఆపాను. ఎవరో "బావా, ఇటు పులిహోర" అని పిలిచారు. నాన్న అటు వెళ్లిపోయాడు.

అక్క విస్తట్లోది మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని, "పోయొస్త బిడ్డా, మంచిగ సదువుకో" అని నా చెంప తట్టి వెళ్లింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. నాన్న నన్ను బాగా చూశాడు, చదివించాడు, జ్వరమొస్తే ఎత్తుకుని దవాఖానాకు పరుగెత్తాడు. ఆయన మీద నాకున్న ప్రేమలో అబద్ధం లేదు. కానీ ఆ ఒక్క మాట చెప్పకుండానే పోయాడు. ఆ నలుగురిలో కూడా ఇప్పుడు ఎంతమంది మిగిలారో తెలియదు. ఆయన చెప్పాల్సింది నేను చెబితే చెల్లుతుందో లేదో కూడా తెలియదు. అయినా చదివే నలుగురి ముందు చెబుతున్నాను. ఆమె ఆ మందు బిందె ముట్టలేదు.